తీగ కనిపించింది

విన్నిపెగ్‌లో మైనస్ ముప్పై రాత్రి.
హాల్లో పదకొండు మందే.
రీలెక్కించాను.

తుఫాను మేఘంలో
నాలుగింజన్ల విమానం వణుకుతోంది.
దాన్ని వేలాడదీసిన తీగ
తళుక్కున కనిపించింది.
వెనక వరసలో కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు.
నవ్వనీ.
మేఘం దూదే,
మెరుపు ఎవరో స్విచ్చి నొక్కితే వచ్చిందే.
రెండో ఇంజను మంట మాత్రం
అరవై ఏళ్ళయినా చల్లారలేదు.

కాలం చెల్లింది వేరే చోట.
కెప్టెన్ సిగరెట్ ముట్టించాడు.
ఏడేళ్ళ పిల్ల కాక్‌పిట్‌లోకి నడిచొచ్చి
అతని టోపీ తన నెత్తిన పెట్టుకుంది.
ఎవరూ ఆపలేదు. తలుపుకి గడియే లేదు.
కుర్రాళ్ళు అక్కడ నవ్వలేదు.
"నిజంగా ఇలా ఉండేదా?" అన్నాడొకడు,
తనలో తనే.

మూడో వరసలో ఒలెస్యా హ్రిన్‌చుక్,
ముప్పై రెండేళ్ళు ఆకాశంలో ట్రాలీ తోసిన మనిషి.
నా గది కిటికీలోంచి
ఆమె తెల్లజుట్టే కనిపిస్తుంది నాకు.

చక్రాల దీపం వెలగదు.
పైలట్ బల్బు మీద వేలితో కొడతాడు.
మళ్ళీ కొడతాడు.
సంగీతం ఎప్పుడాగిందో తెలీదు,
నవ్విన గొంతుల్లో గుటక పడలేదు.
రన్‌వే పైపైకి లేచి వస్తోంటే
ఆమె చేతులు రెండూ
సినిమా కుర్చీకి లేని బెల్టు కోసం
నడుం దగ్గర తడుముకున్నాయి.
తర్వాత తల తిప్పి
వరసలు లెక్కపెట్టింది,
బయటికి పోయే తలుపు దాకా.

దీపాలు వేశాక కిందికి దిగి అడిగాను,
ఎలా ఉందని.
"కప్పు నిండా పోశారు కాఫీ," అంది చిరాగ్గా,
"కుదుపుల్లో సగమే పోస్తాం."

కోటు గుండీలు
ఒకటి తప్పించి పెట్టుకుని
మంచులోకి వెళ్ళిపోయింది.