బాణలి అంచున

ఈ స్కేట్ పార్కు నాకు
ముందు ఎముకల్లో పరిచయం.

బల్లారట్ ఆసుపత్రిలో ఎక్స్-రే గది నాది.
శనివారం మధ్యాహ్నం రెండు దాటిందంటే
ఒక్కొక్కరే వస్తారు,
విరిగిన చేతిని రెండో చేత్తో
కోడిపిల్లను పొదువుకున్నట్టు పొదువుకుని.
ఎలా పడ్డావని అడగడం ఎప్పుడో మానేశాను.
అందరూ చెయ్యి చాచే పడతారు,
ముంచుకొచ్చే నేలను
అరచేత్తో ఆగమన్నట్టు.

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమన్నాయన
మణికట్టులో జీడిపప్పంత ఎముక ఒకటుందనీ
అది చిట్లితే పన్నెండు వారాల కట్టనీ
తెలియకుండానే పోయుంటాడు.

మే నెలలో ఓ ఆదివారం, డ్యూటీ లేదు.
ఊరికే చూద్దామని వెళ్ళాను.
పొగమంచు ఇంకా లేవలేదు.
కాంక్రీటు బాణలి. పెద్దది.
ఎవరో తోమి, బోర్లించడం మరిచిపోయినట్టుంది.
అడుగున ఒక ముసలాయన
చీపురుతో ఊడుస్తున్నాడు.

పేరు డెస్మండ్. ముప్పై ఏళ్ళు రైలు నడిపాడట.
కౌన్సిల్ వాళ్ళు పెట్టారా నిన్ను, అంటే నవ్వాడు.
జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు
ఒక జామాయిల్ కాయ,
కుంకుడు గింజంత కూడా లేదు.
"చక్రం కింద ఇది పడితే
బోర్డు ఆగుతుంది. పిల్లాడు ఆగడు."

ఇన్నేళ్ళూ తెర మీద నాకు కనబడని ముద్దాయి
అరచేతిలో చల్లగా కూర్చుంది.

తొమ్మిదయ్యేసరికి పిల్లలు దిగారు.
బయటినుంచి చూస్తే గోల.
కాసేపు నిలబడితే
అందులో వరస ఒకటుందని తెలుస్తుంది:
ఒకడు దిగితే మిగతావాళ్ళు అంచున ఆగుతారు,
దిగేముందు ఒక్క అరుపు,
కిందున్నవాడు తలెత్తి చూసి తప్పుకుంటాడు.
ఎవరూ రాసిపెట్టలేదు.
గోడ మీద బోర్డొకటి ఉంది గానీ
దాని మీద అక్షరాలు కనబడనంతగా రంగులు పూశారు.

"చల్లటి పలక మీద చెయ్యి పెట్టమన్నది మీరే కదా?"
పదమూడేళ్ళ కాల్లన్. మొహం గుర్తు లేదు నాకు.
మణికట్టు చూపించాడు, గుర్తొచ్చింది.
హెల్మెట్ ఉంది, బెల్టు మాత్రం
గడ్డం కింద ఊగుతోంది, తాళం వెయ్యని గేటులా.

"పడటం నేర్పనా?" అన్నాడు.
నాకు నలభై ఆరు.
బెల్టు పెట్టుకుంటే నేర్చుకుంటానన్నాను.
బేరం కుదిరింది. టక్కుమంది.

పచ్చిక మీద మొదలు.
చేతులు ముడుచుకో, వేళ్ళు దాచుకో,
మోకాళ్ళ మీదికి రా, భుజం మీదుగా దొర్లు.
నడవటం నేర్పినవాళ్ళున్నారు నాకు,
ఈత నేర్పారు, సైకిలు నేర్పారు,
పడొద్దు, పడొద్దు అంటూనే అన్నీ.
పడితే ఎలాగో చెప్పినవాడు వీడే.

మూడోసారి కూడా అరచేతులే ముందుకెళ్ళాయి.
ఏం చెయ్యను, వాటికి నా మాట వినపడదు.
ఆరోసారికి దొర్లాను.
తడి గడ్డి, నోట్లో మట్టి,
డెస్మండ్ చీపురు కర్రతో నేల మీద
రెండుసార్లు కొట్టాడు, చప్పట్లకు బదులు.

తర్వాతి శనివారం రెండు గంటలు దాటింది.
వచ్చారు. రాకుండా ఎలా ఉంటారు.
చీపురు అన్ని కాయలూ ఎత్తలేదు,
గాలికి చెట్టు ఊరుకోదు.

మొదటిది ఒక చిన్నపిల్ల. చీలమండ.
చేతులు రెండూ శుభ్రంగా ఉన్నాయి.
పలక సర్దుతూ వంగితే నా మోకాలు కలుక్కుమంది,
అక్కడింకా నేరేడుపండంత కమిలిన మచ్చ.

"ఎలా పడ్డావు?" అని అడిగాను.
ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది,
చాలా పెద్ద కథ,
మధ్యలో ఎవరిదో కుక్క కూడా వచ్చింది.
మీట నొక్కకుండా
విన్నాను.