తప్పొప్పుల పట్టిక

ఐదు వందల కాపీలు వేయించిన.
కొత్తవాడ జంపఖానాల మీద ఆరేండ్లు తిరిగి రాసిన పుస్తకం.
సిరా వాసన పోకముందే
హసన్‌పర్తి నుంచి కార్డొచ్చింది:
"సారూ, నలభై ఏడో పేజీల
పడుగును పేక జేసినవ్, పేకను పడుగు జేసినవ్.
నీ బుక్కు జూసి నేస్తే
జానెడు గుడ్డ గూడ దిగది మగ్గం మీంచి."
సంతకం లేదు.
కార్డు మూలకు బొటనవేలంత రంగు మరక.

హనుమకొండ లైబ్రరీ కాపీల
ఎవరో తొమ్మిదో తరగతి పిల్ల, పెన్సిల్‌తో:
"ఇది తప్పు. మా తాతనడగండి."
తాత అడ్రసు లేదు. నెల రోజులు వెతికిన.
దొరికినంక తేలింది
తప్పు నాది కాదు, తాతది.
అయినా ఆయన ఒప్పుకోలె.
చాయ్ తాగించి, తన తప్పునే నాతోటి రాయించుకొని పంపిండు.

కండె మీద ఎత్వం రాలి
"పొద్దంతా కండలు చుట్టే ఆడోళ్లు" అని పడ్డది.
దిద్దబోతుంటే పరకాల టీచర్ కనకాచారి ఆపిండు:
"ఉండనియ్యండి. మా అమ్మ చుట్టింది గదే."

తొంభై రెండో పేజీ అడుగున, చిన్నక్షరాల్ల:
కీ.శే. మార్త ఓదెమ్మ.
కరీమాబాద్ నుంచి ఆటో కట్టుకొని
ఆమెనే వచ్చింది.
"మనుమరాలు సదివింది. కీ.శే. అంటే ఏంది కొడుకా?"
నేను కుర్చీ వేసిన.
కూసోలె.
"సచ్చినోళ్లు కూసుంటరా?"

ఇంట్ల మిగిలినయి నూట ఎనభై ఎనిమిది.
ఒక్కొక్కటి తెరిచి ఆ రెండక్షరాలు కొట్టేసిన.
తంబాకు నములుకుంట ఆమె లెక్కబెట్టింది.
నడుమ ఒకటి దాటేస్తే
మోకాలు తట్టి వెనక్కి తిప్పించింది.
అన్నీ అయినంక: "మరి అమ్ముడువోయినయి?"
మూడు వందల పన్నెండు.
"అండ్ల సచ్చే ఉన్ననా?"

తెలిసినోళ్లకు చెప్పిన. వాళ్లు వాళ్లోళ్లకు చెప్పిండ్రు.
జమ్మికుంట పత్తి మార్కెట్ల హమాలీ ఒకాయన ఫోన్:
"మా దాంట్ల కొట్టేసిన సారూ. ఆమె మంచిగున్నదా?"
భూపాలపల్లిల ఒకాయన
రెండో షిఫ్టుకు బాయి దిగేముందు.
పెద్దపల్లి స్టేషన్ల రైలు లేటైతే
ఒక పిల్లగాడు పక్కామె చేతుల పుస్తకం
గుంజుకొని మరీ కొట్టిండట.
సిరిసిల్లాయన కొట్టెయ్యలేదు.
కీ.శే. పక్కన "కాదు" అని రాసి
సంతకం, తేదీ, కింద వేలిముద్ర గూడ పెట్టిండు.

నోటుబుక్కుల గీతలు గీసుకుంట వచ్చిన.
రెండు వందల డెబ్బై ఒకటి.
మిగిలినయి ఎక్కడున్నయో,
ఏ పెండ్లి కానుకల మూటల, ఏ చెదల నోట్ల.

ఆదివారం ఆదివారం ఓదెమ్మ ఫోన్ చేస్తది.
"ఇంకెన్నిట్ల సచ్చి ఉన్న?"
"నలభై ఒకటి, అవ్వా."
"పాత లెక్కనే."
కొద్దిసేపు ఊపిరి తీసుకొని
"గది ఇడువు. నూట మూడో పేజీల
నీలం చారల జంపఖానా అన్నవ్ సూడు,
అది నేను నేసిందే. నీలం గాదు, పచ్చ."
ఏ పచ్చ, ఆకుదా పసుపుదా
అడిగేలోపే పెట్టేసింది.

కొత్త కాగితం తీసి రాసిన:
పేజీ 103. తప్పు: నీలం.
ఒప్పు: