తడి కాయల లెక్క

రాత్రంతా వాన.
అంబాజీపేట దాటి ముక్కామల రోడ్డు పక్కన నా కాటా.
ఇనప పలక మీద నిలిచిన నీళ్లని చీపురుతో తోసేసి
అద్దాల గదిలోకొచ్చి ఎర్ర అంకెల్ని సున్నాకి తెస్తాను.
వాన నీళ్లూ బరువేనండి.
తుడవకపోతే పొద్దున్నే ఎవడికో ముప్ఫై కిలోల అన్యాయం.

ఏసురత్నం ఖాళీ లారీ ఎక్కించాడు.
దిగబోతుంటే కూర్చోమన్నాను.
నువ్వు లేకుండా బండి నాగపూరు వెళ్తుందా?
నువ్వూ, క్లీనరు పండూ,
మీ కిరసనాయిలు పొయ్యీ, బియ్యం మూటా,
స్టెప్నీ, జాకీ, ట్యాంకు నిండా డీజిలూ
అన్నీ కలిపితేనే ఖాళీ.
ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదని
ఈ కుర్చీలో ఏడాది కూర్చున్నాక గాని తెలియలేదు నాకు.

ఆరువేల తొమ్మిది వందల అరవై నాలుగు.
"మొన్న తొమ్మిది వందల దగ్గరే ఆగిందిగా, వీరవేణమ్మా?"
మొన్న ఎండ కాసింది.
పరదా, మోకులు, అడుగున పరిచిన గడ్డి
రాత్రి తాగిన నీళ్లు ఆ అరవై నాలుగు.

బండి కాగితం మీద పద్దెనిమిదిన్నర టన్నులు:
ముందు ఇరుసుకి ఏడు, వెనకదానికి పదకొండున్నర.
ఖాళీ బండి తీసేస్తే
పదకొండువేల అయిదు వందల ముప్ఫై ఆరు మిగులు.
ఇక్కడిదాకా మూడో తరగతి తీసివేత.
చిక్కంతా కాయతోనే.

మా సీమలో కాయని తూచరు, లెక్కపెడతారు.
జట్టు మేస్త్రి గవరయ్య చేతికి రెండేసి
పుంజీ పుంజీగా విసురుతూ
ఒకటి అనడు. "లాభం" అంటాడు.
లాభం, రెండు, మూడు...
నా కాటాకి ఆ మాట రాదు.

షావుకారు ఫోను:
"ఇరవై నాలుగు వేలు పోయించెయ్. పోయిన ట్రిప్పు వెళ్లలేదేంటి?"
వెళ్లిందండి.
జొన్నాడ దిగువలో కమాను పట్టీలు రెండు విరిగి
బండి కాలువ వైపు ఒరిగి
రెండు రోజులు అక్కడే ఉంది. అదీ వెళ్లడమే.

రాశి పైనుంచి కొన్ని, నడుమ నుంచి కొన్ని,
అడుగున చెమ్మలో నానినవి కొన్ని
నూరు కాయలు తెప్పించి చిన్న కాటా మీద పోశాను.
ఎండలో యాభై ఎనిమిది తూగే నూరు
ఇవాళ అరవై నాలుగు.
కాయ అదే. జుట్టు తడిసింది, అంతే.
చీటీ వెనక పెన్సిలుతో భాగహారం:
పద్దెనిమిది వేల పాతిక.
ఎండలో ఇరవై వేలు మోసే బండే ఇది.

గవరయ్య నా వైపు చూశాడు, ఏమీ అనలేదు.
జట్టుకి కూలి వెయ్యికింత.
నా పెన్సిలు కొట్టేసిన ప్రతి వెయ్యీ
వాళ్ల తొమ్మిది మంది టిఫిన్లోంచి పోతుంది.
అది తూచే కాటా నా దగ్గర లేదు.

పదకొండింటికి నిండు లారీ వచ్చింది.
మొత్తం సరే.
ముందు చక్రాలొక్కటే పలక మీద నిలబెట్టి చూస్తే తేలింది,
వెనక ఇరుసు మీద నాలుగు వందలు ఎక్కువ.
"మొత్తం సరిపోయింది కదమ్మా!"
సంచి బరువు సరే, ఒక్క భుజానికే తగిలిస్తే?
తిట్టుకుంటూనే ఎక్కి, కాయల్ని క్యాబిను వైపు జరిపారు.
ఆ జరపడానికి కూలి ఎవరిస్తారో
ఇంకా తేలలేదు.

చీటీ ఇచ్చాను. తొంభై రూపాయలు.
ఏసురత్నం లారీ మీంచి ఒక కాయ తీసి
ముందు చక్రం దగ్గర రాయి మీద కొట్టాడు.
అతను చర్చికి వెళ్తాడు. కొట్టమన్నది పండూ.
నీళ్లు టైరు కిందికి పారాయి.
పద్దెనిమిది వేల ఇరవై నాలుగు, అన్నాను.

పండూ నవ్వాడు.
రెండు చెక్కలూ వాడే తింటూ క్యాబినెక్కాడు.
సరే, ఆ కాయా బండిలోకే వెళ్లింది.
నీళ్లు మాత్రం తగ్గాయి.