సజీవంగా చూసితిని

నవంబరు మొదటి సోమవారం.
జమ్మికుంట బ్యాంకుల ఇసుకేస్తే రాలదు.
పత్తి పైసలకు వచ్చిన రైతులు ఒక దిక్కు,
బతికున్నమని చెప్పుకోను వచ్చిన ముసలోళ్ళు ఒక దిక్కు.

నాది మూడో కౌంటరు.
నా ముందట వేలిముద్రల మిషిను,
అగ్గిపెట్టె కన్న కొంచెం పెద్దది,
లోపల ఎర్రటి కన్ను.

టోకెన్ నలభై ఏడు.
బొల్లం ఓదేలు, రిటైర్డ్ నాయక్, సాపర్.
తెల్ల ధోతి, కమీజు జేబుకు పెన్ను,
పెన్ను పక్కన పిన్నీసుతో
రంగు వెలిసిన రిబ్బను ముక్క.
అందరు గోడకు ఒరిగిండ్రు గని
ఆయన గోడకు జానెడు దూరంల నిలబడ్డడు.

బొటనవేలు పెట్టిండు. కలువలే.
చూపుడువేలు. కలువలే.
తడిగుడ్డతోని తుడిచిన,
సంచిలున్న కొబ్బరినూనె చుక్క రాసిన,
పది వేళ్ళు వరుసగ ఒత్తించిన.
మిషినుది ఒక్కటే మాట:
మళ్ళీ ప్రయత్నించండి.

"ఏంది బిడ్డా, నేను సచ్చిన్నంటదా?"
వెనకున్న రైతు నవ్విండు. ఆయన గూడ నవ్విండు.
నాకు నవ్వు రాలే.
ఆయన చెయ్యి ఇంకా నా చేతులనే ఉంది.
గీతల్లేవు. తానం సబ్బు ఆఖరి పలుకు లెక్క
నున్నగ, పల్చగ.

"ఏం పని చేసినవే తాతా, గిట్లరిగినయి?"
ఊకెనే నోట్లెకెల్లి వచ్చింది.

"ముప్పై ఏండ్లు జిన్నింగు మిల్లు. అండ్ల పత్తి బోరాలు.
దానికంటె ముందు
మట్టిని తడిమిన."

డెబ్బయ్యొకటి, డిసెంబరు, పడమటి సరిహద్దు.
చెరుకుతోట పక్కపొంటి చలి.
బోర్ల పండుకోని ఒక సన్న సలాకతోని
మందుపాతరలు ఎతుకుడు.
"సలాకకు తాకినంక ఇగ వేళ్ళదే పని.
నిద్రపోయే పసిపిల్ల తలకాయ కిందికెల్లి
చెయ్యి తీస్తరు సూడు,
గంత మెల్లగ."

ఆయన వెనక తెల్లపట్టీ పరుసుకుంట ఒక పిలగాడు,
వాని వెనక మూడు వందల మంది,
ఎవని భాష వానిది.
"నాకు హిందీ అప్పటికి సరిగ రాదు.
పైలం, పైలం అంటుంటి.
తెల్లారేటాల్లకు సర్దార్ పోరలు గూడ
పైలం పైలం అనుకుంట దాటవట్టిరి."

"అందరు దాటిండ్రా?"

కౌంటరు మీద ఒరిగిన పెన్ను మూతను
సక్కగ నిలవెట్టిండు.
"దగ్డూ దాటలే. పట్టీ పట్టుకున్న పిలగాడు.
నేను అడుగేసిన కాన్నే ఏసిండు.
కరెక్టు గాడ్నే ఏసిండు, బిడ్డా."

వెనకకెల్లి ఎవరో, ఎంతసేపమ్మా, అన్నరు.

సొరుగు అడుక్కెల్లి కాగితం ఫారం తీసిన.
ఆన్‌లైన్‌లనే చెయ్యాలె అన్నడు మేనేజరు.
ఒకసారి మీరొచ్చి ఈ చెయ్యి పట్టుకోండ్రి సార్ అన్న.
వచ్చిండు. పట్టుకున్నడు.
కుర్చీల కూసోకుండనే సంతకం పెట్టిండు.

ఈ దినము పై వ్యక్తిని నేను స్వయముగా
సజీవముగా చూసితిని.
పదకొండేండ్ల సంది ఈ వాక్యం కింద ముద్ర గుద్దుతున్న.
చదివింది ఇయ్యాలనే.

ఆయనకేమన్న అనాలనిపించింది.
ధన్యవాదాలు మా ఇంట్ల ఎవరం అనం,
అది మైకుల మాట.
సల్లంగుండు అందామంటే
అది పెద్దోళ్ళు చిన్నోళ్ళకిచ్చేది,
కిందికెల్లి మీదికి ఎక్కదు.
లేచి తలుపు దాక పోయిన.

"పైలం తాతా. మూడు మెట్లున్నయి."

రెండో మెట్టు మీద ఆగిండు.
కట్టె మొనతోని మూడో మెట్టును
ఒకసారి తట్టి చూసిండు.
"నువ్వు పైలం బిడ్డా,
నీ వెనక లైను శానుంది."

వచ్చి కూసున్న.
మిషిను అద్దం మీద కొబ్బరినూనె మరక,
గుండ్రంగ, ఒక్క గీత లేకుండ.
తుడుద్దామని గుడ్డ తీసిన,
కాసేపు చేతులనే పట్టుకున్న.

నలభై ఎనిమిది.