శిక్షల పుస్తకం

ఇత్తడి పలక మీద పద్నాలుగు పేర్లు.
నవంబరు రాకముందే వాటిని తోమిపెట్టాలి.
ఆర్క్నీ గాలిలో ఉప్పెక్కువ,
వారం ఊరుకుంటే పచ్చటి చిలుము పడుతుంది.
కాస్త వెనిగరు, చిటికెడు సుద్దపొడి,
మా ఆయన పాత ఉన్ని మేజోడు.
ముప్పై ఒక్క ఏళ్లుగా నేను,
నాకు ముందు మా అత్త.
ఇద్దరం తోమీ తోమీ
గిల్బర్ట్ హార్కస్ పేరులో మొదటి అక్షరం
వేలికి తగలడం మానేసింది.

మరిచిపోకూడదనేగా తోముతున్నాం, అంటే
ఇన్‌స్పెక్టరు నవ్వి టీ అడిగాడు.

ఏటా అదే తంతు.
కాగితం పువ్వులు, రెండు నిమిషాల మౌనం,
మౌనం మధ్యలో ఎవడికో తుమ్ము,
ఆ తుమ్ముకి ఇంకొకడికి నవ్వు,
ఆ నవ్వుకి టీచరమ్మ కళ్లెర్రజేయడం.
వీరులు, అమరులు, త్యాగధనులు.
నాన్న కోటు తొడుక్కున్న పిల్లల్లా
ఆ మాటల్లో చేతులు కూడా కనబడకుండా
మునిగిపోయేవి పేర్లు.

మొన్న వేసవిలో కప్పు కారి
అటక మీది పెట్టెలు దించాం.
అన్నిటికంటే అడుగున, చెమ్మకి ఉబ్బిన అట్టతో
శిక్షల పుస్తకం.
తారీఖు, పేరు, తప్పు, దెబ్బలు.
చీపురు గోడకి ఆనించి
బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను.

ఎర్లెండ్ డ్రీవర్. జేబులో బతికున్న పీత. రెండు.
టామస్ ఇస్బిస్టర్. ఆలస్యం. ఆవు ఈనిందట. ఒకటి.
సిగర్డ్ ఫ్లెట్. ప్రార్థనలో పాదిరిగారి దగ్గు అనుకరణ. మూడు.
గిల్బర్ట్ హార్కస్. లెక్క చెయ్యకుండా కిటికీలోంచి పడవలు. మూడు.
గిల్బర్ట్ హార్కస్. మళ్లీ కిటికీ. నాలుగు.
గిల్బర్ట్ హార్కస్. చోటు మార్చాం. అయినా.
అంతే. దెబ్బల గడి ఖాళీ.
కొట్టే చెయ్యి అలిసిందో,
ఆ చేతికీ ఒకసారి పడవలు కనబడ్డాయో.

కొత్తగా వచ్చిన రెండాల్ టీచరు
ఆ పుస్తకం రెండు రాత్రులు ఇంట్లో ఉంచుకుంది.
ఈ ఏడు ఉపన్యాసం లేదంది.
బడిలో ఉన్నదే పదిహేనుమంది;
ఒకడు గంట కొట్టాడు,
తక్కినవాళ్లు తలా ఒక పేరు,
ఆ పేరు కింద తప్పు.

పీత దగ్గర ఊరంతా నవ్వింది.
నవ్వి, ఉలిక్కిపడి, చుట్టూ చూసుకుంది.
వెనక బెంచీలో డ్రీవర్ వాళ్ల ముసలి మనవరాలు
రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని,
"మెడలు ఉన్నాయి, ఉత్తరాలు ఉన్నాయి,
పీత సంగతి మాకెవరూ చెప్పలేదమ్మా" అంది.

చివర ఫ్రెయా. ఏడేళ్లది, ముందుపళ్లు లేవు.
దాని వంతుకి ఆర్చీ క్లౌస్టన్ వచ్చాడు.
మొదటి పేజీ నుంచి ఆఖరి దాకా వెతికాం,
పుస్తకంలో అతను లేడు.
తెల్ల కాగితం పట్టుకుని నిలబడింది పిల్ల.
అందరికీ ఉంది, తనకే లేదన్న ఉక్రోషంతో
గొంతు పెగుల్చుకుని
"మావాడు ఏ తప్పూ చెయ్యలేదు" అంది.

ఎవరూ గడియారం చూడలేదు.
ఎవరూ తుమ్మలేదు.
గాలికి జెండా తాడు కొయ్యను కొడుతున్న చప్పుడు
అంతసేపు నేనెప్పుడూ వినలేదు.

అంతా వెళ్లాక బల్లలు సర్దుతుంటే
సముద్రం వైపు కిటికీ అద్దం మీద
ఎవడిదో ముక్కు గుర్తు, ఊపిరి మచ్చ, ఐదు వేళ్లు.
ఏ లెక్కల పీరియడులో ఆనించాడో.

గుడ్డ చేతిలోనే ఉంది.
తుడుస్తాలే, రేపు.