మూడు నాలుగు ఐదు

నది ఒకటే. వంతెనకి ఈ కొసన ఒక గంట, ఆ కొసన ఇంకో గంట.
మెయిన్ గట్టున జెడియోన్ బయల్దేరినప్పుడు పది,
న్యూ బ్రన్స్‌విక్ గట్టున తలుపు తట్టేసరికి పదకొండుంపావు.
"ఆలస్యం," అన్నాడు రోజేర్.
ఇరవై ఏళ్ల తర్వాత అన్న నోట తమ్ముడు విన్న మొదటి మాట.

బల్ల మీద సీసా.
నేలమాళిగ సర్దుతుంటే గోడవార దొరికింది.
మేపుల్ పాకం, మూత నిండా దుమ్ము,
మెడకి కట్టిన అట్టముక్క మీద
రబ్బరు ముద్ర: 03 04 05.
చేతిరాత అయితే ఎవరిదో తెలిసేది.
ముద్రకి దస్తూరీ ఉండదు.

"మార్చి నాలుగు," అన్నాడు జెడియోన్.
కాగితం మిల్లులో ముప్పై ఏళ్లు
నెల ముందు రాసిన చెయ్యి అది.
"ఆ రోజు నేనున్నాను. కట్టెలు ఎగదోసింది నేనే."

"ఏప్రిల్ మూడు," అన్నాడు రోజేర్.
ఈ గట్టున రోజు ముందు, నెల తర్వాత.
"అప్పటికి నువ్వు పోయి రెండు వారాలు.
నురగ తీసేవాడు లేక
సగం పొయ్యిపాలైంది."

సున్నాలు మూడూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి.
ఏ పక్షానా మాట్లాడవు.

రోజేర్ లేచి సీసాని కిటికీ వెలుగుకి అడ్డం పట్టాడు.
చెట్టుకి లెక్కలు రావు, బొంకడమూ రాదు.
మంచు గట్టిగా ఉన్న రోజుల పాకం తేనెరంగు,
మొగ్గలు ఉబ్బే వేళకి కషాయం.
ఇది నలుపు. అంచున మాత్రం కాస్త ఎరుపు.
మార్చి కాదు.
జెడియోన్ కూడా చూశాడు.
టోపీ కోసం చెయ్యి చాపాడు.

రోజేర్ మనవరాలు మిలెన్
ఆసుపత్రి మందుల గదిలో రాత్రి డ్యూటీ చేసొచ్చి,
నిద్రచాలని కళ్లతో మెట్లు దిగింది.
అట్టముక్క తిప్పి చూసి, ఆవలిస్తూ,
"రెండు వేల మూడు, ఏప్రిల్ ఐదు," అంది.
"మా దగ్గర ఏడాదే ముందు.
లేకపోతే ప్రాణాలు పోతాయి."
మంచినీళ్లు తాగి, వెళ్లి పడుకుంది.

రెండు వేల మూడు.
అప్పటికి కంచె లేదు, లాయరు లేడు,
తోట ఇంకా ఇద్దరిదీ.
"ఆ ఏడే కదా బాన అడుగంటింది?"
ఎవరు ముందన్నారో నాకు సరిగా తెలియదు.
"నువ్వు నిద్రపోయావు."
"నువ్వు లేపలేదు."
ఆ ఏడు ముద్రలో అంకెలు ఎవరు ఎలా తిప్పారో
ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

మూత బిగుసుకుపోయింది.
వేడినీళ్లలో ముంచి, గుడ్డ చుట్టి, ఒకడు పట్టుకుంటే ఒకడు తిప్పాడు.

గోడ గడియారం పన్నెండు కొట్టింది.
జెడియోన్ మణికట్టు మీద ఇంకా పదకొండే.
రోజేర్ రెండో కప్పు తీశాడు.