మొప్ప కింద ఎరుపు

ఇండికేటర్ వేయబోయి వైపర్లు వేశాను
ముషీరాబాద్ చౌరస్తాలో,
ఆదివారం పొద్దున, చుక్క వాన లేకుండా.
వెనక సీట్లో అమ్మ నవ్వింది.
"ఇంకా ఆడ్నే ఉన్నవా బిడ్డా?"

పదకొండు రోజులు హొక్కైడోలో అద్దెకారు నడిపాను.
అక్కడా ఎడమ పక్కనే పోవాలి, కాని
ఇండికేటరు కుడిచేతి కింద.
మా పాత పోలోలో కూర్చున్నా
చేతికి ఇంకా ఇల్లు చేరినట్టు తెలియలేదు.
అన్ని రోజుల్లో హారన్ కొట్టింది ఒక్కసారి,
అదీ రోడ్డుకు అడ్డంగా నిలబడి
మమ్మల్ని తీరిగ్గా చూసిన నక్క మీద.

తోయా సరస్సు గట్టున అమ్మ మొదటి ప్రశ్న:
"ఈ చెరువు ఎవల సొసైటీది?
చేప పిల్లల్ని ఎవలు ఇడుస్తరు?"
మోక్షిత ఫోన్లో తర్జుమా చేసి చూపిస్తే
టికెట్ల అబ్బాయి చాలాసేపు ఆలోచించి,
నడుం దాకా వంగి,
మాకొక మ్యాపు ఇచ్చాడు.

మషూ దగ్గర సరస్సే లేదు.
మూడు గంటలు నడిపి వెళ్తే
కటకటాల అవతల అంతా పొగమంచు.
పార్కింగ్ పైసలు దండగన్నాడు శ్రీశైలం.
"నీళ్ళల్లకు దిగనియ్యరా?"
"ఎవర్నీ దిగనివ్వరట అమ్మా."
"మంచిగ చేసిండ్రు."
ఆ తెల్లదనం వైపే చూస్తూ,
ఎంతోసేపటికి,
"మన కుంటకు గూడ గిట్ల కంచె ఏసుంటే."

మా తాత వల విసిరిన చోట
ఇప్పుడు మేము పాలప్యాకెట్లు కొనే దుకాణం.
గట్టి వాన పడితే మా సెల్లార్లో మోకాలి లోతు నీళ్ళు.
వాచ్‌మన్ మోటారు పెట్టి తోడిస్తాడు.
అమ్మ దాన్ని వరద అనదు.
జాగ చూసుకోనీకి వచ్చిందంటుంది.

కుషిరో బజారులో మాత్రం పరువు పోయిందనుకున్నాం.
మేం ఆపేలోపే
ఐసు మీది చేప మొప్ప ఎత్తేసింది అమ్మ,
రాంనగర్ మార్కెట్లో ముప్పై ఏళ్ళు
గంప ముందు కూర్చున్న బొటనవేలుతో.
క్షమించమనే మాట నేర్చుకునే వెళ్ళాను,
సమయానికి నోటికి రాలేదు.
రబ్బరు బూట్ల అమ్మకందారామె
అమ్మ వేలునే చూసింది, మొహాన్ని కాదు.
ఆ చేపను పక్కన పెట్టి
బల్ల కింద పెట్టెలోంచి ఇంకోటి తీసి
తనే మొప్ప ఎత్తి చూపించింది.
దానిమ్మ గింజ ఎరుపు.
ఇద్దరూ తలలూపుకున్నారు.
"మంచిది కింద దాచుకున్నది" అంది అమ్మ గొప్పగా.
"నేను గూడ గట్లనే చేస్తుంటి."

కొనకుండా పోతే బోణీ చెడుతుందని పట్టుబట్టింది.
హోటల్లో పొయ్యి లేదన్నా వినలేదు.
థర్మాకోల్ డబ్బాలో మూడు కిలోల చేప,
వెనక సీట్లో అమ్మకూ మోక్షితకూ మధ్య,
సీటు బెల్టు పెట్టుకుని ప్రయాణం చేసింది.
రాత్రికి బస చేసిన చోట ఒక ముసలాయన
ఉప్పు మాత్రమే రాసి నిప్పుల మీద కాల్చాడు.
అమ్మ సంచిలోంచి కారప్పొడి తీసి,
ఒక ముద్ద తిని చూసి,
మళ్ళీ లోపల పెట్టేసింది.

ఇవాళ రాంనగర్‌లో
అమ్మ పాత జాగలో చంద్రకళ కూర్చుంది.
"అండాలక్కా, జపాన్ల చేపలు ఎట్లున్నయే?"
"మాట్లాడవు" అంది అమ్మ.
"నువ్వు కిందిది తియ్యి."

డిక్కీలో కొర్రమీను బతికే ఉంది.
బ్రేకు వేసినప్పుడల్లా తోకతో కొడుతోంది.
మా గల్లీ మలుపులో,
ఒకప్పుడు కుంట మత్తడి దుంకేదట అక్కడ,
నేను మళ్ళీ వైపర్లు వేశాను.
వెనక ధబధబా చప్పుడు.
"ఆగు, ఆగు, వచ్చేసినం" అంది అమ్మ.
నాతోనో,
దానితోనో.